ఆఫీసరుగారికి పడిన గొళ్లెం

తనిఖీకి వచ్చిన ఆఫీసరును గదిలో కూర్చోబెట్టి బయటనుంచి తాళం వేయించిన గ్రామసేవికను మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. నేనే ఆవిడను. పైగా ఆ గదిలో నేనూ ఉన్నాను. ఆ తాళం కొన్నది నేను. దాన్ని మరిచిపోకుండా వేయడం ఎలాగో వేసినావిడకు రెండు నెలలపాటు పాఠం చెప్పిందీ నేనే. ఇక వినండి నా ఘనకార్యం.

ఎనభైల మొదట్లో మాట. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. తెనాలి వైపు మాగాణి ఊళ్లో పెరిగి, ట్రైనింగులో ఫస్టున పాసై, లోకాన్ని బాగు చేయడానికి పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల మధ్య దిగాను. అక్కడ పనిచేసే ఆడవాళ్ల కోసం మహిళా మండలి నడపడం నా ఉద్యోగం. ఒక బట్టీ యజమాని ధర్మానికి పాత సున్నం గోడౌను ఇచ్చాడు. సమితి ఆఫీసు ఒక కుట్టుమిషను ఇచ్చింది. నేను నా మేధస్సును ఇచ్చాను. మిగతా రెండూ పనికొచ్చాయి.

బట్టీ ఆడవాళ్లకు పెద్దదిక్కు కోటమ్మ. యాభై దాటినా సున్నపు తట్ట నెత్తికెత్తుకుని నిటారుగా నడిచేది.

"పెద్దమ్మా, మీకేం కావాలో చెప్పు" అన్నాను, వరమిచ్చే దేవతలాగా.

"ఏముందమ్మా. పిల్లలకి పాలిచ్చుకోను, కాసేపు నడుం వాల్చను చోటుంటే చాలు. సాయంత్రానికి ఒళ్లంతా సున్నం మంట. చాటుగా నాలుగు చెంబులు పోసుకునే వీలుంటే చానా మంచిది."

"అవన్నీ తర్వాత. ముందు ఎంబ్రాయిడరీ" అన్నాను.

కోటమ్మ నన్ను జాలిగా చూసింది. నేను దాన్ని భక్తి అనుకున్నాను.

తలుపు బాగుచేయడానికి వడ్రంగి ఏసోబు వచ్చాడు. గోడౌను తలుపు కదా, ఎప్పుడూ బయట గొళ్లెమే తప్ప లోపల గడియ లేదు.

"అమ్మగారూ, లోపల గడియ పెట్టమంటారా?"

"లోపల ఎందుకయ్యా? దొంగలు లోపలినుంచి వస్తారా? బయట గొళ్లెం గట్టిగా బిగించు. మిషను పోతే నా ఉద్యోగం పోతుంది."

"అది గాదమ్మా, ఆడోళ్లు..."

"నాకు తెలుసు" అన్నాను. జీవితంలో నాకేమీ తెలియనప్పుడల్లా ఆ మాట చాలా ధీమాగా వచ్చేది. గుంటూరు వెళ్లి కొబ్బరికాయంత తాళం కొనుక్కొచ్చాను. ఒక తాళంచెవి కోటమ్మ కొంగున కట్టి, "తలుపు వేస్తే తాళం పడాల్సిందే" అని రోజూ వల్లె వేయించాను. రెండో తాళంచెవిని భద్రంగా దాచాను. ఎక్కడ దాచానో ఇప్పటికీ తెలియదు.

మొదటిరోజు ఇరవైమంది ఆడవాళ్లు వచ్చారు. నా రంగురంగుల చార్టులు చూడలేదు. మిషను చూడలేదు. ఒక్కొక్కరే తలుపు వెనక్కి తొంగి చూసి, ఒకరి మొహాలొకరు చూసుకుని, "వస్తాంలే అమ్మా" అని వెళ్లిపోయారు. పల్లెటూరివాళ్లకు తలుపంటే అంత ఇష్టం కాబోలు అనుకున్నాను. మీరు నవ్వండి, ఫర్వాలేదు.

రెండు నెలలు ఈగ కూడా రాలేదు. చివరికి ఆఫీసునుంచి కాగితం వచ్చింది. ఆఫీసరుగారు స్వయంగా వచ్చి చూస్తారు. మండలి నడవకపోతే మిషను వేరే ఊరికి, గది మళ్లీ సున్నపు బస్తాలకు. కోటమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"పెద్దమ్మా, రేపు అందర్నీ తీసుకురా. లేకపోతే గది పోతుంది."

కోటమ్మ మొహంలో నవ్వు పోయింది. "గది పోతే మళ్లీ రాదమ్మా" అంది మెల్లగా. "చూద్దాంలే, నేనున్నాగా."

మర్నాడు ఆఫీసరుగారు జీపు దిగారు. మండుటెండ. మర్యాదలో మా మాగాణి వాళ్లను మించినవాళ్లు లేరు కదా! రెండు గోళీసోడాలు, పైన పెద్ద చెంబుడు మజ్జిగ. గదిలో కూర్చోబెట్టి, వద్దన్నకొద్దీ పోశాను. జీపు డ్రైవరు డీజిలు పట్టించుకొస్తానని పిడుగురాళ్ల వెళ్లాడు. ఇంతలో జీపులో ఎవరొచ్చారో చూడ్డానికి మగవాళ్లంతా గుమ్మం దగ్గర గుమిగూడారు. ఆడవాళ్లింకా రాలేదు, కోటమ్మ ఒక్కతే గుమ్మంలో నిలబడి ఉంది.

"పెద్దమ్మా, వీళ్లను లోపలికి రానివ్వకు. తలుపు వేసెయ్!"

కోటమ్మ తలుపు వేసింది. గొళ్లెం పడింది. నా శిష్యురాలు కదా, తాళం కూడా పడింది.

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను మాత్రం పైఅధికారిని కూడా వెంటబెట్టుకుని పడ్డాను.

"ఏమ్మా, తలుపు రావడం లేదేం?" అన్నారు ఆఫీసరుగారు.

కిటికీ చువ్వలు పట్టుకుని అరిచాను. బయటినుంచి ఎవరో చల్లగా చెప్పారు. "తాళంచెవి కోటమ్మ కాడుందమ్మా. లారీ వచ్చిందని బట్టీ కాడికి పోయింది."

"తాళం పగలగొట్టండి!"

"గడ్డపారకి గూడా లొంగదని మీరే అంటిరి గదమ్మా!"

పావుగంట గడిచింది. ఆఫీసరుగారు ఒక కాలు మీదనుంచి ఇంకో కాలు మీదికి మారారు. గోళీసోడాలు తమ పని మొదలుపెట్టాయి.

"ఇక్కడ... బాత్రూము ఎటువైపు?"

"లేదండీ."

"లేదా? మరి ఆడవాళ్లు ఎలా..."

"ఆడవాళ్లు రావడం లేదు కదండీ."

ఆయన నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. తర్వాత ముప్పావుగంట గోడమీద ఎంబ్రాయిడరీ నెమలిని చూస్తూ, పళ్లు బిగించి, చెమటలు కక్కుతూ నిలబడ్డారు.

చివరికి కోటమ్మ వచ్చింది, వెనకాల ఇరవైమంది ఆడవాళ్లతో. తలుపు తెరుచుకోగానే ఆఫీసరుగారు తుమ్మచెట్ల వైపు పరుగెత్తిన వేగం ఏ జీపుకూ లేదు.

తిరిగొచ్చి నామీద విరుచుకుపడ్డారు. "ఇది మహిళా మండలా, సబ్ జైలా?"

నాకు ఏడుపొచ్చింది. కోటమ్మ ముందుకొచ్చింది.

"అమ్మాయిని అనమాకండి బాబూ, చిన్నపిల్ల. గంటసేపు తలుపు ఇంకోళ్ల చేతిలో ఉంటే ఎట్టుందో తమరికి తెలిసింది గదా. మేం పిల్లలకి పాలిచ్చేటప్పుడు ఎవుడు తోసుకొచ్చినా ఆపేదేంది? తాగినోడెవుడో బయట గొళ్లెం పెడితే దిక్కెవరు? గొళ్లెం బయటుంటే అది గొడ్లచావిడి బాబూ. గడియ లోపలుంటేనే ఇల్లు."

ఆఫీసరుగారు మిషను ముందు కూలబడ్డారు. తలుపు వైపు చూసి, "గడియ పెడితే వస్తారా?" అన్నారు.

"ఈ పొద్దు ఏయించండి. రేపు వచ్చి చూడండి."

గుంపులోంచి ఏసోబు వచ్చి సంచిలోంచి గడియ తీశాడు. "ఆ రోజే చేసిపెట్టానమ్మా. ఎప్పుడన్నా అడుగుతారని." ఆఫీసరుగారు అక్కడికక్కడే బాత్రూముకు సిఫారసు రాశారు. అంత అనుభవపూర్వకంగా రాసిన కాగితం ఆ ఆఫీసులో ఇంకోటి ఉండదు.

మర్నాటినుంచి గది నిండిపోయింది. పాలిచ్చారు, పడుకున్నారు, సున్నం కడుక్కున్నారు. మొగుడు తాగి తరిమితే ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చి లోపల గడియ వేసుకుంది. తలుపు తియ్యమని వాడెంత అరిచినా తియ్యలేదు. కొన్నాళ్లకు ఎంబ్రాయిడరీ కూడా నేర్చుకున్నారు, పాపం నా మొహం చూసి. నన్ను ఉద్యోగంలో నిలబెట్టిందీ, ఉద్యోగమంటే ఏమిటో నేర్పిందీ వాళ్లే. ఆ రుణం నేను తీర్చలేను.

నాలుగేళ్లకు బదిలీ అయింది. బస్సెక్కుతూ కోటమ్మ చేతులు పట్టుకున్నాను. "పెద్దమ్మా, ఆ రోజు లారీ వచ్చి నా పరువు తీసిందిగానీ, అంతా మన మంచికే జరిగింది."

"లారీ యాడిదే తల్లీ? ఆ వారమంతా బట్టీకి నిప్పే పెట్టలా. పొగ రావట్లేదని గూడా చూసుకోలా నువ్వు!"

బస్సు కదిలింది. నా నోరు నడికుడి దాకా మూతపడలేదు.

కాబట్టి సకల జనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. తలుపు వెనక చూడకుండా ఏ గదినీ మెచ్చుకోను. బాత్రూము ఎక్కడో చూసుకోకుండా ఏ ఆఫీసరుకూ గోళీసోడా పొయ్యను. కోటమ్మలాంటి మనిషి "చూద్దాంలే, నేనున్నాగా" అంటే మాత్రం, తాళంచెవి ఆమె కొంగుకే కట్టి, నోరు మూసుకుని లోపల కూర్చుంటాను.