వరదమ్మకు సరిపోయిన మాస్కు

గుడియాత్తంలో లుంగీల వ్యాపారం చేసే జానకిరామన్ భార్య వరదమ్మకు వీధిలో ఇంకో పేరుంది, కునుకు వరదమ్మ. పెళ్లిపందిట్లో కూర్చుంటే కునుకు, బస్సెక్కితే కునుకు, లుంగీలు మడతపెట్టి చీటీలు అంటిస్తూ అంటిస్తూ కునుకు. ఒకసారి అప్పడాలు వేయిస్తూ తూగి, కాగే నూనెలో చెయ్యి పెట్టుకుంది. ఆ మచ్చ మణికట్టు మీద ఇప్పటికీ ఉంది. "కడుపు నిండా తింటాది, కంటి నిండా నిద్రపోతాది, మారాణి" అని ఆడపడుచు కనకవల్లి పదిమందిలో అనేది. పదిమందీ నవ్వేవాళ్లు. వరదమ్మ కూడా నవ్వేది. నవ్వకపోతే రోషమొచ్చిందని ఇంకో మాట అంటారు కదా!

నిజానికి ఆ వీధి మొత్తంలో నిద్రంటే ఏమిటో తెలియని మనిషి ఆవిడ ఒక్కతే. పడుకోగానే గురక, కాసేపటికి గొంతు మూసుకుపోవడం, ఊపిరందక దిగ్గున లేచి కూర్చోవడం, మళ్లీ ఒరగడం. తెల్లారేసరికి తల బండలా ఉండేది. ఆ గురక పడలేక జానకిరామన్ పదకొండేళ్లుగా మేడమీదే పడక వేసుకున్నాడు. "మా ఇంట్లో రైసుమిల్లు ఉండాది, కరెంటే అక్కర్లేదు" అని అంగడికొచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. శుక్రవారం శుక్రవారం మల్లెపూలు మర్చిపోకుండా తెచ్చేవాడు. భార్య ప్రాణం మీదికొచ్చిన జబ్బును అన్నేళ్లూ హాస్యమాడుకున్న మనిషిని చెడ్డవాడు కాదని చెప్పాల్సి రావడమే మన ఖర్మ.

పరదరామిలో కాపురముంటున్న కూతురు సింధుజ ఒకసారి వచ్చి, తల్లి పక్కన పడుకుని, హడలిపోయింది. పట్టుబట్టి వేలూరు తీసుకెళ్లింది. ఆసుపత్రిలో ఒంటినిండా వైర్లు అంటించి ఒక రాత్రంతా పరీక్ష చేశారు. గంటకు నలభైసార్లు ఊపిరి ఆగుతోందని, గుండె అలిసిపోతోందని, రోజూ మెషిను పెట్టుకుని పడుకోకపోతే ఏదో ఒకనాడు నిద్రలోనే ప్రమాదమని డాక్టరు చెప్పాడు. వరదమ్మకు భయం వెయ్యలేదు. చెబితే ఎవరూ నమ్మరు కానీ, సంతోషమేసింది. "అయితే నేను సోమరిదాన్ని కాదు గదమ్మా?" అని కూతుర్ని రెండుసార్లు అడిగింది.

మెషిను వచ్చింది. గాలి ఊదే చిన్న పెట్టె, దానికొక గొట్టం, గొట్టం చివర ముక్కుకు తగిలించుకునే మాస్కు. పొద్దున లేచి మీట నొక్కితే పెట్టె మీద ఒక మొహం బొమ్మ కనబడుతుంది. గాలి బయటికి పోకుండా మాస్కు సరిగా కూర్చుంటే పచ్చటి నవ్వు మొహం, గాలి కారిపోతే ఎర్రటి ఏడుపు మొహం. వరదమ్మకు తెలుగూ రాయను చదవను రాదు, అరవమూ రాదు. కానీ మొహం చదవడానికి బడికి పోనక్కర్లేదు. రెండు నెలలు వరసగా ఎర్ర మొహమే చూసింది. మూడో నెలలో మాస్కు రబ్బరు అంచు చినిగిపోయింది.

చింపింది బేసరి. వరదమ్మ కుడి ముక్కున ఏడురాళ్ల బేసరి ఉంటుంది. ఆ ఇంటి కోడళ్లకు పెళ్లినాడే కంసాలి ఆచారి వచ్చి బేసరి తొడిగి, ముక్కు లోపల మర బిగించి, ఊడిరాకుండా కొస నొక్కేసి పోతాడు. మొగుడున్నన్నాళ్లూ అది కదలకూడదు. జ్వరమొచ్చినా, జలుబు చేసినా, కాన్పు కష్టమైనా సరే.

కొత్త మాస్కు కోసం వేలూరు వెళ్లినప్పుడు భార్యాభర్తలతోపాటు కనకవల్లి కూడా బయల్దేరింది. ఆ మాస్కుల అంగట్లో విజి అనే అమ్మాయి ఉంది. అద్దం ముందు కూర్చోబెట్టి చూపించి అమ్మేసే రకం కాదు. "కూర్చుంటే అన్నీ బాగానే ఉంటాయిమ్మా. పడుకుంటేనే దాని బండారం తెలుస్తాది. కొంజం ఇట్ల పడుకోండి" అని బల్ల మీద పడుకోబెట్టి, మెషిను ఆడించింది.

మొదట ముక్కూ నోరూ కలిపి మూసేది పెట్టింది. ఆకువక్కతో దవడపళ్లు పోయి వరదమ్మ బుగ్గలు లోపలికి పోయాయి. ఆ సందులోంచి గాలి బుస్సుమంది. తర్వాత ముక్కుపుటాల్లో దూర్చుకునే రెండు చిన్న గొట్టాలది పెట్టింది. అది లోపలున్న బేసరి మరకు ఒత్తుకుని రక్తం చిమ్మింది. మూడోది, ముక్కును మాత్రమే మూసే చిన్న సైజుది. ఎడమపక్క అతికినట్టు కూర్చుంది. కుడిపక్క బేసరి దాన్ని ఎత్తిపట్టింది. గాలి సూటిగా కంట్లో కొట్టింది.

విజి ఆ ఎత్తిన చోట తన వేలు అడ్డం పెట్టి నొక్కింది. బుస ఆగిపోయింది. చల్లటి గాలి నెమ్మదిగా లోపలికి పోయింది, మెల్లగా బయటికొచ్చింది. రెండు నిమిషాలు కాకముందే వరదమ్మ కళ్లు మూతపడ్డాయి. గురక లేదు. సింధుజ పుట్టకముందు నుంచీ ఆ మనిషి అలా నిద్రపోయి ఎరగదు, ఒక పిల్ల చూపుడువేలి పుణ్యాన ఆ కాస్తా దొరికింది.

విజి వేలు తీసింది. వరదమ్మ ఉలిక్కిపడి లేచింది.

"ఇదేమ్మా మీ సైజు. ఆ మూక్కుత్తి ఒకటే అడ్డం. పడుకునేముందు తీసి పొద్దున పెట్టుకోండి. నేనూ రోజూ తీసే పడుకుంటా" అంది విజి.

కనకవల్లి ఒంటికాలిమీద లేచింది. "నా తమ్ముడు గుండ్రాయి మాదిరి ముందర నిలబడుకొని ఉండాడు. వాని పెండ్లాం ముక్కు బోడి చేయమంటావా? నోరు కడుక్కో పిల్లా!"

"పడుకునేటప్పుడు మాత్రమే గదా వదినా. చీకట్లో ఎవురు చూస్తారు?" అంది వరదమ్మ. ఆమె నోట ఆడపడుచుకు ఎదురు మాట రావడం అదే మొదలు.

"దేవుడు చూస్తాడు."

వరదమ్మ మొగుడి మొహం చూసింది. ఆ చూపులో ఎంత ఆశ ఉందో విజికి కూడా అర్థమైంది. జానకిరామన్ మెడ గోక్కున్నాడు. "అక్క చెప్పేదీ నిజమే గదా వరదా. పెద్ద సైజు తీసుకుంటే పోలా? వదులుగా ఉంటే సుఖంగా ఉంటాది." పుట్టినప్పటినుంచీ లుంగీలు అమ్మిన మనిషి. వదులుంటే సుఖమనేది ఆయన వ్యాపారం, ఆయన వేదాంతం.

వదులైతే మెషిను ఉన్నా లేనట్టేనని విజి మొత్తుకుంది. ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ డబ్బాలో ఎలాగూ మూడు సైజుల రబ్బర్లు వస్తాయి కాబట్టి, పెద్దది తగిలించి, చిన్నదాన్ని కవరులోనే ఉంచి ఇచ్చింది. "దీన్ని పారేయొద్దమ్మా" అని మాత్రం వరదమ్మ చేతిలో పెడుతూ చెప్పింది.

తిరుగు బస్సులో వరదమ్మ ఉండబట్టలేక అడిగింది. "ఒకనాడు ఊపిరి అట్లే ఆగిపోతే, వదినా?"

"పోతే పోతావు. పసుపు కుంకాలతో పోతావు. నా మాదిరి మిగిలిపోవు. ఆడదానికి అంతకంటే ఏం కావాల?"

కనకవల్లికి ఇరవై ఆరేళ్లకే మొగుడు పోయాడు. ఆమె ముక్కు మీద బెజ్జం పూడిపోయి చిన్న మచ్చ మిగిలింది. ఆమె తిట్టలేదు, శపించలేదు. మనస్ఫూర్తిగా దీవించింది. వరదమ్మకు అదే ఎక్కువ మంటెత్తించింది.

పెద్ద రబ్బరు పైపెదవి దగ్గర వదులైంది. పాత లుంగీ గుడ్డలు సన్నగా చించి, మడిచి, సందులో కుక్కుకుంది వరదమ్మ. గాలికి అవి ఊడి కళ్లలో పడేవి. కళ్లు ఎర్రబడ్డాయి. తూగడం తగ్గలేదు. "అంత డబ్బు పోసి మెషిను కొనిచ్చినా ఈమె నిద్ర ఈమెదే" అని జానకిరామన్ కొత్త హాస్యం మొదలుపెట్టాడు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా దొరస్వామి ఆచారి దగ్గరికి పోయి, మర వదులు చేసిపెట్టమని బతిమాలుకుంది. ఆయన సుత్తి కింద పెట్టి, "మీ ఆయన్ను పిలుచుకొని రామ్మా, చేస్తా" అన్నాడు. ముక్కు ఆమెదే. అయితే ఏం!

అరవవాళ్ల ఆడి నెలలో ఒక సోమవారం, కే.వి.కుప్పం సంతలో లుంగీల మూటలు దించి, దాహమేస్తోందని కూర్చున్న జానకిరామన్ మళ్లీ లేవలేదు. గురక లేదు, జబ్బు లేదు, ఒక్క మాత్ర మింగి ఎరగడు. ఎప్పుడు పోతుందో ఎప్పుడు పోతుందో అని అందరూ ఎదురుచూసిన మనిషి మిగిలింది.

వరదమ్మ గుండెలు పగిలేలా ఏడ్చింది. అది నటన కాదు. పది రోజులు ఇంటినిండా చుట్టాలు. మెషిను వైరు పీకేసి, ఆ గూటిలో ఎవరిదో ఫోను చార్జింగుకు పెట్టారు. పదోనాడు పొద్దున పీట మీద కూర్చోబెట్టి గాజులు, మెట్టెలు, తాళి తీశారు. బేసరి రాలేదు. ముప్ఫై నాలుగేళ్ల మర, బిగుసుకుపోయింది. కనకవల్లే దొరస్వామి ఆచారికి కబురంపింది. ఆయన కొబ్బరినూనె పూసి, పట్టకారుతో రెండుసార్లు తిప్పి లాగేశాడు. ఎవర్ని పిలుచుకొని రమ్మనీ అడగలేదు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. వరదమ్మ తలను ఒళ్లో పెట్టుకుని కనకవల్లి వెక్కివెక్కి ఏడ్చింది.

మధ్యాహ్నం మూడింటికి వరదమ్మ కూర్చున్నచోటే సోలిపోయింది. సింధుజ భయపడి చిన్నగదిలోకి తీసుకుపోయి పడుకోబెట్టింది. చూస్తే పెద్ద రబ్బరు ఎవరి కాలికిందో పడి చినిగింది. కవరులోంచి చిన్నది తీసి తగిలించబోయింది.

"అది వద్దమ్మా. అది నాకు సరిపోదు" అంది వరదమ్మ అలవాటుకొద్దీ. తర్వాత చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోయింది. కూతురు పట్టీ బిగించింది. బుస లేదు. కంట్లో గాలి లేదు.

కళ్లు తెరిచేసరికి మర్నాటి ఎండ గోడ మీదికి వచ్చేసింది. ఏడు దాటింది. తలలో బరువు లేదు. ఒళ్లు దూదిలా ఉంది. ఆకలేసింది. హాయిగా, చిన్నపిల్లలా ఆకలేసింది. మొగుడు పోయాడనేది ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆ రెంటి మధ్యా గడిచిన ఆ నాలుగు క్షణాలకు వరదమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. పెట్టె మీద పచ్చటి మొహం పళ్లికిలిస్తోంది. గబుక్కున చెంగు కప్పేసింది.

నట్టింట్లో కనకవల్లి గొంతు వినబడుతోంది. "చూసినారా? తాళి తెంచిన పూటే ఎట్ల పడుకొనిందో! పదహారు గంటలు! మా తమ్ముని రాత!" చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. వరదమ్మ లేచి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

కనకవల్లి ఆగలేదు. "ఎట్ల నిద్రొచ్చిందమ్మే నీకు?"

"సరిపోయింది వదినా, మాస్కు" అంది వరదమ్మ. తల వంచుకోలేదు. "నువ్వే గదా బేసరి తీయించినావు. అప్పుడే తీయనిచ్చింటే, ఈ ముండమోసే నిద్ర అప్పుడే పోయుంటే, నిన్న రాత్రంతా మేలుకొని ఆయన కోసరం ఏడ్చుండేదాన్ని."