గుడ్డ చుట్టిన గాజులు

పొద్దున పరిగడుపున వేసుకునే తెల్ల గోళీల డబ్బా ఖాళీ అయితే నేను పారెయ్యను. కడిగి ఎండబెట్టి ఒకదాంట్ల ఆవాలు, ఒకదాంట్ల మెంతులు పోసుకుంట. మనుమరాలు నవ్వుతది, నవ్వనీ. మెంతిగింజంత లేదు ఆ గోళీ. అది వేసుకోకముందు ఏడాదిపాటు రాత్రిపూట నా చేతులు మొద్దుబారేటివి; బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు నావి కానట్టే ఉండేటివి; లేచి కూసోని విదిలించుకుంటే చీమలు పారినట్టయి మెల్లగ పానం వచ్చేది. చిన్నప్పటి సంది నూలుతోటి అరిగిన చేతులు, గట్లనే ఉంటయి అనుకోని ఎవ్వరికీ చెప్పలే. మనుమరాలే పట్టువట్టి నల్లగొండల దవాఖానకు తోల్కపోయింది. నెత్తురు పరీక్ష చేసి, గొంతుల ఉండే థైరాయిడ్ గ్రంథి మందగించిందని, దాంతోటి ఒంట్లె నీరు చేరి మణికట్టు కాడ నరాన్ని వత్తుతున్నదని, అందుకే వేళ్లు మొద్దుబారుతున్నయని డాక్టరమ్మ చెప్పింది. ఆమె చెప్తుంటే నాకు నా చేతులు యాదికి రాలే. మా అమ్మ గాజులు యాదికొచ్చినయి.

హైదరాబాదు రాజ్యం ఆంధ్రల కలిసిన కొత్తల సంగతి. మోత్కూరు దగ్గరి మా ఊర్ల సాలెవాడ అంటే చలికాలం పొద్దుగాల గంజి వాసన. తెల్లారకముందే వాడ పొడుగూత నిలువు పోగుల పడుగు పరిచి, గంజి పట్టించి పెద్దోళ్లు దువ్వుతుంటే, మేకలు, కుక్కలు దాని కింద దూరకుంట మేము పిల్లలం కట్టెలు పట్టుకొని కావలి కాసేది, ఎండ ఎక్కినంక విరిగిన నూలు కండెలతోటి, గచ్చకాయలతోటి ఆడుకునేది. బతుకమ్మకు తంగేడు, గునుగు తెచ్చేటందుకు చెల్క చేన్లెంట పడితే కాళ్లనిండ పల్లేర్లు. సద్దుల నాడు ఇచ్చిన, రొట్టె బెల్లం కలిపి పిసికిన మలీద ముద్దను నేను గిల్లుకొని గిల్లుకొని తిని రెండు దినాలు నడిపించేది. పొదుపు నాకు అప్పటి సందే.

బాపు గుంత మగ్గం మీద నేసేది. బాపును కన్న మా అవ్వ ఇంటి పెత్తనమంత చేసేది. అమ్మది అతుకుల పని. ఒక పడుగు అయిపోతే దాని కొసలు మగ్గంలనే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగ వాటికి కలపాలె; ముడి వెయ్యొద్దు, ముడి అయితే మగ్గం అచ్చు పండ్ల సందులకెల్లి పోదు. పొయ్యిల బూడిద జర వేళ్లకు అద్దుకొని, రెండు కొసలను బొటనవేలు, చూపుడువేలు నడుమ పెట్టి అమ్మ ఒక్కసారి నులిమితే, అతుకు ఎక్కడున్నదో మళ్ల ఆమెకు కూడా దొరకకపోయేది. వందల పోగులు, చూడకుంటనే, పాట పాడుకుంట అతికేది. వాడల ఎవరింట్ల కొత్త పడుగెక్కినా ఆమె కోసం మనిషి వచ్చేది. బతుకమ్మ కాడ కూడా పాట ఎత్తేది ఆమెనే.

తమ్ముడు పుట్టిన ఏడాదికి అమ్మ మారింది. ముందుగాల గొంతు పోయింది, మగగొంతు లెక్క బొంగురువడ్డది. ఆ ఏడు బతుకమ్మ కాడ పాట ఎత్తి, నడుమనే ఆపి, వరుసల వెనకకు జరిగి వట్టిగ చప్పట్లు కొట్టింది. మొఖం ఉబ్బింది. దువ్వితే వెంట్రుకలు చేతినిండ వచ్చేటివి. ఎండకాలం కూడా బొంత కప్పుకునేది, కూసున్న కాడ కునికేది, పిలిస్తే పలికి లేచేసరికి చాన సేపు పట్టేది. తిని కూసుంటే ఒళ్లు రాదా అని వాడల ఆడోళ్లు నవ్వేటోళ్లు. ఆమె తినేది పిడికెడని ఇంట్ల ఉన్న మాకు తెలుసు. అయినా మేమూ అదే అనుకున్నం.

రాత్రయితే చేతుల బాధ. నేను ఆమె పక్కనే పండేది. మంచం పట్టె మీదికెల్లి చెయ్యి కిందికి వేలాడేసి విదిలిస్తుంటే గాజులు మోగి నాకు నిద్ర చెడేది. ఒకనాడు పొద్దున అవ్వ చాటల బియ్యం ఏరుకుంట, వాకిట్లకు వచ్చిన నలుగురు ఇనేటట్టు అన్నది:

"మా కోడలి గాజులు రాత్రి మోగుతయి, పగలు మోగయి."

ఆ మాట వాడంత పాకింది. ముత్తైదువ గాజులు తియ్యొద్దు గదా. ఆ రాత్రి సంది అమ్మ పాత చీర పేలికలు చింపి, రెండు చేతుల గాజులకు చుట్టుకొని పండుకునేది, చప్పుడు లేకుంట చేతులు విదిలించుకునేది. నాకు నిద్ర మంచిగ వట్టేది.

నేను మూడో తరగతిల ఉండంగ కొత్త పడుగొకటి ఎక్కింది. దినమంత కూసోని అమ్మనే అతికింది. మర్నాడు బాపు పడుగును ముందుకు గుంజేసరికి అతుకులు వీడినయి. ఒకటి రెండు కాదు, పిడికెళ్లకు పిడికెళ్లు పోగులు జారి వేలాడినయి. వేళ్ల నడుమ పోగు ఉన్నదో లేదో తెల్వకుంటనే ఆమె నులుముకుంట పోయిందన్నట్టు. బాపు మగ్గం గుంతలనే తల పట్టుకొని కూసున్నడు. రేపటి సంది పిల్లకు బడి బందు, అతుకులు ఇదే చేస్తదని అవ్వ తేల్చి చెప్పి, నా పలకను తమ్మునికి పనికొస్తదని దూలం సందుల చెక్కింది.

నేను ఇంటెనకకు ఉరికిన. అమ్మ బూడిద కుప్ప కాడ కూసోని వేళ్లు చూసుకుంటున్నది.

"నీ చేతులకు ఏం కాలే. నీకు పని చేసుడు ఇష్టం లేదు, గంతే," అన్న.

ఆమె మెల్లగ తలెత్తింది. "గంతేనేమో బిడ్డా. నాకు గూడ గట్లనే అనిపిస్తది," అన్నది.

కొడితే ఎప్పుడో మరిచిపోదును.

ఒక వైద్యుడు వాతమన్నడు, ఆముదం రాసినం. ఒకాయన తాయెత్తు కట్టిండు. రెండేండ్లకు, పుష్యమాసం చలిల, పండుకున్న మనిషి పొద్దెక్కినా లేవలే. పట్టుకుంటే ఒళ్లు కడవల నీళ్ల లెక్క చల్లగున్నది. పిలిస్తే కన్ను సగం తెరిచేది, మూసేది. మూడో నాడు పోయింది. స్నానం చేపించేటప్పుడు ఆ పేలికలు అవ్వనే విప్పింది. విప్పి, మడిచి, మొఖానికి అద్దుకున్నది. నేను గడపకాడ నిలవడ్డ, దగ్గరికి పోలే.

అమ్మ లెక్క అంటరేమో అని నేను బతుకంత కూసోలే. కూసున్నోళ్లను కూసోనియ్యలే. నా కోడలు జరసేపు నడుం వాల్చినా సూటిపోటి మాటలన్న. అవ్వ మాటలే, గొంతు నాది.

ఇప్పుడు మగ్గం గుంత పూడ్చి బండలు పరిచిండ్రు. పడుగులు ఆరిన వాడల సిమెంటు రోడ్డు వడ్డది, బండ్లు నిలవెట్టుకుంటున్నరు. గోళీలు పట్టినంక నా వేళ్లకు మెల్లగ పానమొచ్చింది. మొన్న పాత చీర కొంగుల రెండు పోగులు తీసి నులిమి చూసిన. గ్యాసు పొయ్యి ఇంట్ల బూడిద ఎక్కడిది, వట్టి వేళ్లతోటే. గుంజిన, వీడలే. చూపెడదామంటే ఆ పని ఎరిగినోళ్లు ఇంట్ల లేరు.

దవాఖానల ఆ దినం, మీ ఇంట్ల ఇంతకుముందు ఎవరికన్నా ఈ జబ్బు ఉండెనా అని డాక్టరమ్మ అడిగింది. మనుమరాలు లేదనబోయింది. నేను దాని చెయ్యి పట్టి ఆపిన.

"మా అమ్మకు ఉండె," అన్న.

ఏమేమి ఉండెనని అడిగితే గొంతు సంగతి, బొంత సంగతి, చేతుల సంగతి చెప్పిన. ఆమె ఇని, తల్లికి ఉండి ఉండొచ్చు అని రాసింది. మా అమ్మను సోమరిది అనకుంట, జబ్బు మనిషి అన్న కాయితం అదొక్కటే. మడిచి నా పెట్టెల దాచుకున్న. అప్పుడు బూడిద కుప్ప కాడ బిడ్డ ఏమన్నదో రాసే జాగా ఆ కాయితంల లేదు.