పసుపు పూసిన కటింగ్ ప్లేయర్

కాలిన వైర్ల వాసన ఒకసారి ముక్కుకెక్కిందంటే అన్నం సహించదు. తలంటుకున్నా పోదు, జడలోనే కాపురం పెడుతుంది. మా మామగారి పాత అంబాసిడర్‌ను బాగుచేసిన రోజులన్నీ నాకు ఆ కంపుతోనే గుర్తున్నాయి.

దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది, ఆ వెనకే మంట. పక్క సీట్లో ఉన్న అత్తమ్మను దింపి, బానెట్ ఎత్తి, చేతికి కొంగు చుట్టుకుని బ్యాటరీ తీగ పీకేశాను. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. ఇక్కడ అందరికీ వీడియో కావాలి.

"మేడమ్, జర పక్కకు జరుగుండ్రి, మంట కనవడ్తలేదు" అన్నాడొకడు. ఆ మొహం తలచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది. చెరకు రసం బండాయన ఒక్కడే గ్లాసులు కడిగే బకెట్ తెచ్చి కుమ్మరించాడు. మంట ఆరింది. బండిని తాడు కట్టి ఎల్‌బీ నగర్‌లోని మా ఇంటికి లాక్కొచ్చేసరికి ఆ తీపి నీళ్లకు ఇంజన్ నిండా చీమలు.

మా మరిది అప్పటికే హయత్‌నగర్‌లో ఒక పాత ఇనుము వ్యాపారితో మాట్లాడేశాడు. దసరాకు బండి దానంతటది కదలకపోతే తెల్లారి లారీ వస్తుందన్నాడు. అత్తమ్మకు ఏసీ కారెక్కితే వాంతులు, ఆటో ఎక్కితే నడుం పట్టేస్తుంది. అద్దం దించుకుని కూర్చునే ఆ ముందు సీటు పోతే ఇక గుడీ లేదు, చెల్లెలి ఇల్లూ లేదు. గడప దాటడమే ఉండదు. నాకు అదే దిగులు.

మా నాన్న కోస్తా నుంచి వచ్చి మూసారాంబాగ్‌లో బండ్ల వైరింగ్ షాపు నడిపారు. తీగలో కరెంటు ఉందో లేదో చూసే టెస్ట్ ల్యాంపు పట్టుకోవడం నాకు అక్కడే అలవాటైంది. అందుకే ఈ పని నేనే మొదలుపెట్టాను. వైర్లన్నీ మాడిన సేమ్యాలా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పెట్రోలు గుడ్డతో చీమలు తుడిచి, మాడిన తొడుగు గీకి, ఒక్కో వైరు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో పట్టుకుంటూ కొత్తది వేసుకొచ్చాను. గోళ్లలో మసి, గొంతులో చేదు.

అలా వెతుకుతుంటే ఒక సన్నటి పచ్చ వైరు దొరికింది. అది బండితో వచ్చింది కాదు, సీరియల్ బల్బుల వైరు. పోయిన దసరాకు మా మరిది బండిని అలంకరించి, మధ్యలో ఫ్యూజైనా లేకుండా నేరుగా బ్యాటరీకి తగిలించాడు. పండగ అయ్యాక బల్బులు తీశాడు కానీ, మళ్లీ ఏడాది పనికొస్తుందని వైరు అక్కడే వదిలేశాడు. అది ఇంజన్ వేడి పైపు మీద పడి కరిగింది. పక్కనే ఎండిన బంతిరేకులు కూడా ఉన్నాయి. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. తీసుకెళ్లి అతనికి చూపించాను.

"గదేం గాదొదినా. దిష్టి దాకింది. నిమ్మకాయ గట్టమంటే ఎవలు ఇన్నరు?" అన్నాడు.

"దిష్టికి వైరు కరుగుతుందా?" అన్నాను. అతను నవ్వి వెళ్లిపోయాడు. ఛీ అనిపించింది.

దసరా పొద్దున బండి స్టార్టయింది. ఆపి, పూజ కోసం కడిగాను. పనిముట్లన్నిటితో పాటు నా కటింగ్ ప్లేయర్‌ను కూడా అత్తమ్మే పసుపు కుంకుమ పెట్టి దేవుడి పటం ముందు ఉంచింది. పూజకు పెట్టిన పనిముట్టును ఆ రోజు ఎవరూ ముట్టరు. నేను స్నానం చేసి, చీర మార్చుకుని బయటికి వచ్చేసరికి బానెట్ మీద సీరియల్ బల్బులు వెలిగి ఆరుతున్నాయి.

"ఎట్లున్నదొదినా? పెండ్లిపిల్ల లెక్క లేదూ!" అన్నాడు మరిది. వైరు మళ్లీ బానెట్ కిందికే పోయింది, నేరుగా బ్యాటరీకే.

లోపలికెళ్లి పటం ముందున్న ప్లేయర్ తీసుకొచ్చాను.

"వదినా, పూజల వెట్టినయి ముట్టద్దు! అరిష్టం!"

రెండు తీగలూ విడదీసి, ఒకదాని తర్వాత ఒకటి కత్తిరించాను. బల్బులు ఆరిపోయాయి. వాకిట్లో అందరూ అత్తమ్మ వైపే చూశారు. ఆమె తెగిన వైరును చూసింది, బానెట్ మీద ఇంకా పోని నల్ల మచ్చను చూసింది. తర్వాత మెల్లగా వచ్చి ముందు సీట్లో కూర్చుని అద్దం దించింది.

"టైర్ల కింద నిమ్మకాయలు వెట్టురా" అంది కొడుకుతో. నా చేతిలోంచి ప్లేయర్ తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"గిది ఇంట్ల పటం కాడ ఎందుకు బిడ్డా, బండిల్నే ఉండనియ్యి. ఇగ బండి తియ్యి, పోదాం."