పత్తిచేనులో మబ్బుల పాఠం

ఆదోనిలోని మా కాలేజీలో ఆన్‌లైన్ పాఠాల కోసం ఉచితంగా దొరికే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను నెల రోజులుగా వాడి చూస్తున్నాం. అది ఉండాలో వద్దో ఈ రోజు నేను రిపోర్టు రాయాలి. పిల్లలు దాని జోలికే పోవడం లేదు కాబట్టి వద్దనే రాయబోయాను. తీరా అందులోని లెక్కలు చూస్తే, మబ్బుల మీద నేను చెప్పిన ఆడియో పాఠాన్ని నందవరం నుంచి వచ్చే ఈరమ్మ ఒక్కతే రోజూ వింటోంది. క్విజ్ మాత్రం ముట్టుకోలేదు. పిలిచి అడిగాను.

"అన్నిసార్లు విన్నావు గదా, క్విజ్ ఎందుకు రాయలేదమ్మా?"

"సేన్లో పత్తి ఇడిపిస్తా ఇంటాను సార్. రాసేకి సేతులు ఖాళీ యాడుంటాయి? ఫోను గట్టిగా పెడ్తే కూలోళ్లంతా ఇంటారు. మబ్బుల్ది మల్లా పెట్టు మే అంటారు."

అప్పటి నుంచి నా గొంతు ఆ తెల్లటి సాళ్ల మధ్య తిరుగుతున్నట్టే ఉంది. పైన మబ్బు, కింద పత్తి, మధ్యలో నేను. క్లాసులో ఇన్నేళ్లలో మళ్లీ చెప్పమని నన్ను అడిగినవాళ్లు లేరు.

రిపోర్టులో ఆ పాఠం ఎదురుగా, 'విన్నవారు' అన్న గడిలో 'ఒకరు' అని ఉంది. అది కొట్టేసి 'ఒక చేను' అని రాశాను. ప్రిన్సిపాల్ ఒప్పుకుంటారంటారా?