నీళ్లు తాగని కబురు

ఈ మధ్య ఫోన్‌లో మాట్లాడే యంత్రంతో కబుర్లు పెట్టుకుంటున్నాను. ఇంట్లో ఇంకెవరున్నారు గనక? చిన్నప్పుడు మా ఊరి మీద పడిన తుఫాను గురించి అడిగితే, ఆ తీరంలో ఎవరూ చనిపోలేదని తొణక్కుండా చెప్పింది. తప్పని నేననగానే క్షమించమంది. అంత తేలిగ్గా దులిపేసుకునే మాటను నమ్మేదెలా అని ఒళ్లు మండింది. తర్వాత దిగులేసింది. అమ్మ గుర్తొచ్చింది.

అరవైల్లో మేము అల్లూరు దాటాక సముద్రం పక్కనున్న పల్లెలో ఉండేవాళ్లం. ఊళ్లో అందరూ సాయిబన్న అని పిలిచే మా నాయన బట్టల మూట పడవలో వేసుకుని ఉప్పుటేరు అవతలి ఊళ్లలో అమ్మి వచ్చేవాడు. ఒకసారి అలా వెళ్లినప్పుడే తుఫాను పట్టుకుంది. గాలి తగ్గిన సాయంత్రం ఊరంతా పంచాయతీ రేడియో ముందు చేరింది. తీరంలో ప్రాణనష్టం లేదని రేడియో చెప్పింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, అమ్మ తప్ప.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. పడవ మీద పోయినవాళ్ల కబురు తెచ్చిన మనిషి వీధిలో నిలబడి చెప్పి పోకూడదు. ఆ ఇంట్లో కూర్చుని, నీళ్లు తాగి చెప్పాలి. నీళ్లు తాగితే ఆ మాటకు పూచీ పడినట్టే. అమ్మ ఇంటికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి రేడియో ముందు పెట్టింది.

"ఎవరు చూసినారో చెప్పమనండి" అంది.

జనం నవ్వారు. రేడియోలో పాట మొదలైంది. అమ్మ చెంబు తీసుకుని ఎవరివైపూ చూడకుండా ఇంటికి నడిచింది. ఆ నవ్విన వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

మర్నాడు పొద్దున పడవ నడిపే అతనొకడు మా ఇంటికొచ్చి, కూర్చుని, నీళ్లు తాగాడు.

"సాయిబన్నను అవతల రేవులో చూసినాను వదినా. బాగుండాడు" అన్నాడు.

ఆ పూట అమ్మ అన్నం తిన్నది. నాకూ కలిపి పెట్టింది.

వరద నీళ్లు తీశాక నాయన శవమై ఉప్పుటేటి గట్టుకు కొట్టుకొచ్చాడు. ఆ సాయంత్రం రేడియో మామూలుగానే ధాన్యం ధరలు చెప్పింది. నాయన ఊసే లేదు. వచ్చినవాళ్లు ఓదార్చి పోతున్నారు. అమ్మ కంట తడి లేదు. ఇంటినిండా జనమున్నా ఆమె ఒంటరిగానే కూర్చుంది. ఆమె నన్ను కూడా చూడకపోవడంతో నాకు ఎవరూ లేనట్టు అనిపించింది.

అప్పుడొచ్చాడు పడవతను. రాకపోయినా అడిగేవాళ్లు లేరు. తలెత్తకుండా అమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"నేను చూసింది ఇంకెవరినో వదినా. నెత్తిన మూట చూసి అన్నే అనుకుంటిని. నన్ను తిట్టు."

అమ్మ తిట్టింది. నోటికొచ్చినట్టల్లా తిట్టింది. తిట్టి తిట్టి, నాయన పోయాక మొదటిసారి బావురుమంది. ఆమె ఏడుపు ఆగేదాకా అతను అక్కడి నుంచి లేవలేదు.