అవ్వ పాలు పొంగించిన ఇళ్ళు

ఈ పొద్దున మా ఇంట్లో పాలు పొంగిపోయాయి. కోడలు ఫోన్లో మాట్లాడుతూ వంటింట్లోనే ఉంది, నేను పేపరు ముందేసుకుని పక్క గదిలో ఉన్నాను, అయినా గిన్నె అంచు దాటి స్టవ్ మీద పడి మాడేదాకా ఇద్దరికీ తెలియలేదు. కోడలు నొచ్చుకుంటూ గుడ్డ అందుకుంది. నాకేమో ఆ మాడు వాసన తగలగానే సముద్రం ఒడ్డున మా ఊరు జువ్వలదిన్నె, మా అవ్వ, ఆమె చేతిలో ఇత్తడి తపేలా, ఆమె కొంగు పట్టుకుని వెనకే పరుగెత్తే నేను కళ్ళ ముందుకొచ్చాం.

అరవయ్యో దశకం మొదట్లో మాట. నాకు ఏడో ఎనిమిదో ఏళ్ళు. మాది రేవుకు కాస్త ఎగువన, సరుగుడు తోపు పక్కన, సేద్యం చేసుకునే వాళ్ళ వీధి. ఎండాకాలం వస్తే మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు వాసనా, ఇసుకలో ఆరబోసిన ఎండుచేపల వాసనా ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. ముంజలు తిని ఆ కాయలతోనే బండి చేసి దొర్లించుకునేవాళ్ళం. కార్తీకం వానల్లో సముద్రం హోరు ఇంట్లో మాటల్ని మింగేసేది, పెద్దవాళ్ళు ఒకరినొకరు కేకలేసి పిలుచుకుంటుంటే పోట్లాడుకుంటున్నారేమోనని నేను బెదిరిపోయేదాన్ని.

అట్లాంటి మా ఊరికి తడ వైపు నుంచి చెంగయ్య అనే పడవల వడ్రంగి కొత్త పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె పేరు రవణమ్మ. మా పిల్లలందరికీ వాళ్ళు చెంగన్న, రవణక్క. ఇద్దరిదీ అరవం తగిలిన తెలుగు. వాళ్ళలా మాట్లాడి వెక్కిరించడం మాకొక ఆట, అది విని ముందు నవ్వేది రవణక్కే. చెంగన్న గుగ్గిలాన్ని నూనెలో కాచి పలకల సందుల్లో దట్టిస్తుంటే ఆ ఘాటు కోసం, రంద పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా రాలే చెక్క పొట్టు కోసం మేం అక్కడే చేరేవాళ్ళం. ఆ పొట్టును ఆడపిల్లలం చెవులకు లోలాకుల్లా తగిలించుకుని ఊరేగేవాళ్ళం.

వాళ్ళకంటూ ఇల్లు లేదు. ఎవరి పడవ పని చేస్తుంటే వాళ్ళు ఒక కొట్టమో, వలల పాకో, వెనక వసారానో ఇచ్చేవాళ్ళు. పడవ నీళ్ళలోకి దిగిందంటే వీళ్ళు మూట కట్టుకోవలసిందే. ఊళ్ళో పిల్లలకది పండగ. ఒకరు చాప, ఒకరు చేట, ఒకరు నీళ్ళ బిందె పట్టుకుని వీధి వెంట ఊరేగింపుగా పోయేవాళ్ళం. వడ్రంగి పెళ్ళామై ఉండి కూడా రవణక్క ఏ గోడకూ మేకు కొట్టనిచ్చేది కాదు. కొడితే మళ్ళీ పీక్కోవాలి కదా అనేది. ఆమె అద్దం ఎక్కడికి పోయినా కప్పు వాసానికి కట్టిన దారానికే వేలాడేది, గాలి వచ్చినప్పుడల్లా తిరిగిపోయేది, ఆమె తలదువ్వుకుంటూ దాని వెంట తిరిగేది.

ఆ అక్క కడుపుతో ఉందని తెలిసిన రోజు మా అవ్వ బెల్లం పంచింది. రవణక్క మాత్రం దిగులుపడింది. అంతకుముందు ఒకసారి నెలలు నిండకుండానే బిడ్డ పోయింది. నిండు మనిషి ఇల్లు మారకూడదంటారు, పని దొరికిన చోటికల్లా మారినందువల్లే పోయిందని ఆమె మనసులో గట్టిగా నాటుకుంది. ఈసారి చేతిలో ఉన్న పడవేమో కాన్పు కాకముందే తయారైపోయేట్టుంది.

"నేను ఈడ్నించి కదల్ను పెద్దమ్మా. కదిల్తే ఇదీ పోతాది," అని మా అవ్వ దగ్గర కూర్చుని ఏడ్చింది.

అవ్వ కాసేపు వక్క నమిలింది. ఇల్లు మారకూడదు సరే, ఎప్పుడో చేరిపోయిన ఇంటికి పోతే అది మారడం ఎట్లా అవుతుందని ఆమె వాదం. మంచిరోజున పాలు పొంగించి, సామాను తర్వాత ఎప్పుడో తెచ్చుకునే వాళ్ళు లేరా? అందుకని రవణక్కకు ఆరో నెల దాటకముందే, శ్రావణంలో ఒక మంచి రోజు చూసి, మా గేదె పాలు తపేలాలో పోసుకుని, రవణక్కను వెంటబెట్టుకుని బయలుదేరింది. పడవలున్న ఇళ్ళన్నీ తిరిగి, ప్రతి పొయ్యి మీదా ఆమె చేత కాసిని పాలు పొంగించింది. ఆడవాళ్ళు నవ్వారు, ఊరంతా నీదేనా ఇంక అని రవణక్కను ఆటపట్టించారు, అయినా పొయ్యి దగ్గర చోటిచ్చారు. చివరికి మా ఇంట్లోనూ పొంగించింది.

కాదన్నది కోటమ్మత్త ఒక్కతే. ఆమెకు రెండు పడవలు, ఊళ్ళో ఆమె మాటకు తిరుగులేదు. కొడుకు పెళ్ళి కుదిరింది, ఇంట్లో పురుడంటే కుదరదని గడపలోనే చెప్పేసింది. అవ్వ గొడవ పడలేదు. మూడు ఇటుకలు తెచ్చి వాళ్ళ వీధి అరుగు మీదే పెట్టి, సరుగుడు పుల్లలు ముట్టించింది. సముద్రపు గాలికి మంట నిలవలేదు. కోటమ్మత్త చేతులు కట్టుకుని చూస్తూ చూస్తూ లోపలికి పోయి చేట తెచ్చింది. గాలికి అడ్డంగా పట్టుకుని నిలబడింది. పాలు పొంగి అరుగు మీదికి కారాక, చేట చంకలో పెట్టుకుని తలుపేసుకుంది.

కార్తీకంలో తుఫాను వచ్చింది. అప్పుడు చెంగన్న వాళ్ళు కోటమ్మత్త ఇంటికి ఎదురుగా ఉన్న వలల పాకలో ఉన్నారు. పట్టపగలే గాలి ఆ తాటాకు కప్పును ఎత్తి అవతల పారేసింది. అవ్వ గోనెసంచి కప్పుకుని పోతే నేనూ వెనకే పోయాను. రవణక్క నిండు కడుపుతో పాక గుంజను వాటేసుకుని కూర్చునుంది. చెంగన్న బతిమాలుతున్నాడు. అంత మగమనిషి ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. అవ్వ వంగి ఆమె చెవిలో, "నీ పాలు పొంగిన ఇల్లు అదిగో ఎదురుగ్గా ఉండాది, నీ ఇంటికి నువ్వు పోబళ్ళా?" అంది. రవణక్క లేచింది. అరుగు దాకా వచ్చింది గానీ, రావద్దన్న ఇంట్లోకి పోలేక వానలోనే నిలబడిపోయింది. నాకు భయమేసి అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

తలుపు తెరుచుకుంది. కోటమ్మత్త ఆమెను కిందికీ పైకీ చూసింది.

"పాలు పొంగిన ఇల్లు పెట్టుకోని వానలో నిలబడుకోనుండావేందమ్మే? లోపలికి రా."

ఆడపిల్ల ఆ ఇంట్లోనే పుట్టింది. ఆ పురుటితో కొడుకు పెళ్ళి వాయిదా పడిందని కోటమ్మత్త బతికినన్నాళ్ళూ సణుగుతూనే ఉంది, ఆ పిల్లకు మొదటి గౌను మాత్రం ఆమే కుట్టించింది.

కొన్నేళ్ళకు చెంగన్న రేవు పక్కన తాటి దూలాలతో, పాత పడవ పలకలతో సొంత ఇల్లు కట్టాడు. గోడకు మేకు కొట్టి అద్దం తగిలించాడు. అప్పటికి మా అవ్వ మంచం దిగలేకపోయేది. గృహప్రవేశం రోజు తెల్లవారగానే రవణక్క పాలు తీసుకుని మా ఇంటికొచ్చి, ముందు మా పొయ్యి మీద పెట్టింది. ఇదేందే అని అవ్వ అడిగితే, "ఈ ఇంట్లో ఉండనే లేదు గదా పెద్దమ్మా. అయినా ఇది గూడా నాదే," అంది. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు అక్కడ హార్బరు వచ్చింది. పడవలన్నీ ఫైబరువి, గుగ్గిలం వాసన లేదు, వలల పాకలు లేవు, కోటమ్మత్త అరుగు రోడ్డులో కలిసిపోయింది. అవ్వ లేదు, రవణక్కా లేదు. కోడలు స్టవ్ తుడిచేసి కిటికీ తెరిచింది, వాసన కూడా పోయింది. పాలు పొంగినప్పుడల్లా నా చెయ్యి మంట తగ్గించడానికి పోదు. తల వాకిలి వైపు తిరుగుతుంది, ఎవరైనా వానలో నిలబడి ఉన్నారేమో, లోపలికి రమ్మనాలేమో అని.