కొలిమిలో పడ్డ ఉల్క

అందరూ అతన్ని అయస్కాంతం అనేవాళ్ళు. లేత్ మెషిన్ మీద పని. సెలవు దొరికితే చాలు, కర్ర చివర అయస్కాంతం కట్టుకుని, ఆకాశం నుంచి పడ్డ ఇనుము కోసం బీడు భూముల్లో కాళ్ళరిగేలా తిరిగేవాడు. కోపం మాత్రం ముక్కుమీదే ఉండేది. వర్క్‌షాపులో ఒకడు సరదాకి అతని ఉల్క ముక్కతో మేకు కొట్టాడని వాడి పళ్ళు రెండు రాలగొట్టాడు. ఆ తర్వాత అతనితో వేళాకోళమాడే మొనగాడు పుట్టలేదు. పలకరించే వాళ్ళూ తగ్గిపోయారు. పిలిచి అన్నం పెట్టే ఇల్లు చెల్లెలిది ఒక్కటే మిగిలింది.

చెల్లెలి మొగుడు కమ్మరి, నోట్లో నాలుక లేని మనిషి. ఏళ్ళ తరబడి తిరగ్గా తిరగ్గా కొబ్బరికాయంత ఉల్క దొరికినప్పుడు, ఆ బావే భుజాన వేసుకొచ్చి కొలిమి దగ్గర దించాడు. దాన్ని కోసి, నునుపు చేసి, ఆసిడ్ పోస్తే లోపల అడ్డదిడ్డంగా గీతలు తేలతాయి. ఏ కార్ఖానాలోనూ పుట్టని గీతలవి. వాటికోసమే అతనికంత పిచ్చి. రంపం బ్లేడు కొనడానికి వెళ్తూ, జాగ్రత్త బావా అన్నాడే గాని, నిప్పు తగిలితే గీతలు చెరిగిపోతాయని చెప్పలేదు. చెప్పాలని తోచలేదు మహానుభావుడికి.

తిరిగొచ్చేసరికి ఉల్క కొలిమిలో ఎర్రగా కాలుతోంది. బావ పట్టకారుతో దొర్లిస్తున్నాడు.

బావ దాన్ని ముక్కలు చేసి అమ్ముకోబోతున్నాడనుకున్నాడు అయస్కాంతం. ఇదేమిటని ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది? సుత్తి అందుకుని బావ కుడి మణికట్టు మీద కొట్టాడు. ఎముక పటుక్కుమంది. అయినా ఆగాడా? కిందపడ్డ మనిషిని డొక్కలో తన్నాడు. జుట్టు పట్టి, తలను ఇనుము సాగగొట్టే దాగలి దిమ్మకేసి బాదాడు. బావ రెండో చెయ్యి ఎత్తలేదు. చెల్లెలు పరుగున వచ్చి లాగింది, కొరికింది. చివరికి కొలిమిలోంచి కాలిన ఊచ తీసి అన్న వీపున పెట్టింది. చర్మం కాలిన వాసన వచ్చాకే వదిలాడు.

"నీకోసమే కాల్చాడన్నయ్యా. తుప్పంతా వదిలించి, కొత్తదానిలా చేసి నీ చేతికిద్దాం అన్నాడు."

నిజమే. తుప్పుపట్టిన ఇనుము ఏదొచ్చినా కమ్మరి ముందు నిప్పులోనే పెడతాడు. తనకు తెలిసిన మర్యాదే బావ ఆ రాయికీ చేశాడు.

ఉల్కను కోసి ఆసిడ్ పోస్తే ఒక్క గీతా తేలలేదు. బావ మణికట్టు అతికింది గాని వేళ్ళు ముడుచుకోవు. కొలిమి చల్లారితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని అయస్కాంతం లేత్ పని మానేసి అక్కడే సుత్తి కొడుతున్నాడు. బావ ఎడమచేత్తో పట్టకారు పట్టి, కాలిన ఇనుము దాగలి మీద పెడతాడు. చెల్లెలు కంచంలో అన్నం పెట్టి పక్కకు తప్పుకుంటుంది. అతను సుత్తి పైకెత్తిన ప్రతిసారీ బావ కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. భయపడకు బావా అని రోజూ అనాలనుకుంటాడు. సుత్తిని ఇనుము మీదికి దించుతాడు.